ఒక మనిషిని వెలివేస్తే: కవి డెన్నిస్ బ్రూటస్, దక్షిణాఫ్రికా, ఆటల బహిష్కరణ

1991 నవంబర్ 10న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాద్ అజారుద్దీన్, దక్షిణాఫ్రికా కెప్టెన్ క్లైవ్ రైస్ టాస్‌కి నడిచొచ్చారు. అప్పటికి 21 ఏళ్లుగా దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌లో లేదు. ఎందుకు లేదని అడిగితే "వర్ణవివక్ష వల్ల" అని క్రికెట్ చూసేవాళ్లు ఎవరైనా ఠక్కున చెబుతారు. ఆ జవాబులో చిన్న చిక్కుంది. వర్ణవివక్ష అక్కడ ప్రభుత్వ విధానమైంది 1948లో. ఆ దేశంతో క్రికెట్ ఆగింది 1970లో. మధ్యలో ఇరవై రెండేళ్లు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ జట్లు దక్షిణాఫ్రికాతో హాయిగా ఆడుతూనే ఉన్నాయి. అంటే వివక్ష ఉన్నంతమాత్రాన ఆట దానంతటదే ఆగలేదు. ఎవరో పూనుకుని ఆపారు.

అలా పూనుకున్నవాళ్లలో ముందువరసలో నిలిచిన మనిషి పేరున్న ఆటగాడేమీ కాదు. హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ కవిత్వం రాసుకున్న డెన్నిస్ బ్రూటస్. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ వచ్చినప్పుడల్లా "ఆటల్లోకి రాజకీయాలు ఎందుకు" అన్న గొడవ మన టీవీల్లో మొదలవుతుంది. ఎవరో ఒకరు దక్షిణాఫ్రికా పేరెత్తుతారు, ఇంకొకరు అది వేరు ఇది వేరు అంటారు. అక్కడితో చర్చ ఆగిపోతుంది. అక్కడ అసలేం జరిగిందో చూడాలంటే బ్రూటస్ జీవితం మంచి దారి. ఎందుకంటే ప్రభుత్వం ముందు ఆయన్ని వెలివేసింది, ఆ తర్వాత ఆయన ప్రభుత్వాన్ని వెలివేయించాడు.

వర్ణం అంటే ఏ వర్ణం?

తెలుగు పత్రికలు వర్ణవివక్ష అని రాసేది అపార్థైడ్ అనే మాటకు. అది ఆఫ్రికాన్స్ భాషది, డచ్చి వలసదారుల భాష నుంచి దక్షిణాఫ్రికాలో పుట్టిన భాష. మాటకు అర్థం "వేరుగా ఉండటం". మన అనువాదంలోని వర్ణం ఒంటి రంగు, చాతుర్వర్ణ్యం కాదు. అయినా నాకు ఇబ్బందిగా తోచేది వర్ణం కాదు, వివక్ష. వివక్ష అంటే ఒకరిని తక్కువగా చూడటం, అది ఏ దేశంలోనైనా ఏదో రూపంలో ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఉన్నది చూపు కాదు, చట్టం. ఎవరు ఎక్కడ పుట్టాలి, ఏ బడికి వెళ్లాలి, ఎవరిని పెళ్లాడాలి, ఏ బెంచీ మీద కూర్చోవాలి అన్నవన్నీ చట్టంలోనే ఉన్నాయి. మీరితే జైలు.

1948కి ముందు అక్కడ సమానత్వం ఏమీ వెలగలేదు. నల్లవాళ్లు భూమి కొనుక్కోగల ప్రాంతాన్ని 1913 నాటి చట్టమే దేశంలో సుమారు 7 శాతానికి కుదించింది. 1948లో గెలిచిన నేషనల్ పార్టీ కొత్తగా చేసిందేమిటంటే, చెదురుమదురుగా ఉన్న ఆ కట్టుబాట్లన్నిటినీ ఒక పద్ధతిగా పేర్చింది. పునాది రాయి 1950 నాటి జనాభా నమోదు చట్టం. దాని ప్రకారం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర పడాలి: శ్వేతజాతి, నల్లజాతి, కలర్డ్. ఆసియావాసులను, అంటే ప్రధానంగా మనవాళ్లను, మొదట్లో కలర్డ్‌లో ఒక ఉపశాఖగా పెట్టి తర్వాత వేరు గుంపు చేశారు.

ఈ ముద్ర ఎలా వేసేవాళ్లు? చట్టంలో రాసింది రెండు ముక్కలు: చూపులకు ఎలా ఉన్నాడు, చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటున్నారు. అనుమానం వస్తే కొందరు అధికారులు జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్లు. జారి కిందపడితే ఒక జాతి, నిలిచిపోతే ఇంకో జాతి. ఇది చట్టంలో లేదు, కానీ వాడుకలో ఉంది. ఒక ఇంట్లో అన్న జుట్టు సాఫీగా, తమ్ముడిది రింగులు రింగులుగా ఉందనుకోండి. అన్న ఒక జాతి, తమ్ముడు ఇంకో జాతి అయిపోవచ్చు. అప్పుడు ఇద్దరూ ఒకే పేటలో ఉండకూడదు, ఎందుకంటే ఏ జాతి ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టం కూడా అదే 1950లో వచ్చింది. ఇది నేను ఊహించి చెప్పిన ఉదాహరణే, కానీ నిజం దీనికేం తీసిపోలేదు. తెల్లవాళ్లుగా నమోదైన తల్లిదండ్రులకు పుట్టిన పదేళ్ల పిల్లను 1966లో తెల్లపిల్లల బడి నుంచి బయటికి పంపేసి, కలర్డ్‌గా మార్చి రాశారు.

బ్రూటస్‌కు పడిన ముద్ర కలర్డ్. అమెరికా కథలు చదివినవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. అమెరికాలో ఒకప్పుడు ఆ మాటను నల్లవాళ్లందరికీ వాడేవారు. దక్షిణాఫ్రికాలో అది మిశ్రమ మూలాలున్నవాళ్లకు ప్రభుత్వం పెట్టిన వేరే గది. నిచ్చెనలో తెల్లవాళ్లకు కింద, నల్లవాళ్లకు పైన. ఇండియన్లదీ దాదాపు అదే మెట్టు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నాటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకున్న ఆ కుటుంబాలన్నీ 1950 తర్వాత ఈ నిచ్చెనలో తమ మెట్టు మీదే నిలబడాల్సి వచ్చింది. పైమెట్టు మీదకు ఎక్కనివ్వరు, కిందిమెట్టు మీదున్నవాళ్లతో కలవనివ్వరు. నడుమ మెట్లు పెట్టిందే అందుకు.

పరుగు పందెంలో గెలిచినా జట్టులో చోటు లేదు

బ్రూటస్ 1924 నవంబర్ 28న ఇప్పటి జింబాబ్వే రాజధాని హరారేలో పుట్టాడు. అప్పట్లో ఆ ఊరు సాల్స్‌బరీ, బ్రిటిష్ పాలనలోని దక్షిణ రొడీషియాలో ఉంది. అమ్మానాన్నలు ఇద్దరూ దక్షిణాఫ్రికాకు చెందిన టీచర్లే. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడు వాళ్లు పోర్ట్ ఎలిజబెత్‌కు తిరిగొచ్చేశారు. పుట్టిన చోటు వల్ల ఆయనకు దక్కిన పాస్‌పోర్ట్ హక్కు తర్వాత ఒక పెద్ద మలుపుకు కారణమవుతుంది, గుర్తుంచుకోండి. ఫోర్ట్ హేర్ యూనివర్సిటీలో 1947లో డిగ్రీ పూర్తి చేసి, ఆ తర్వాత సుమారు 14 ఏళ్లు హైస్కూళ్లలో ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ చెప్పాడు. మే జాగర్స్‌ను పెళ్లాడాడు, ఎనిమిది మంది పిల్లలు.

స్కూల్లో ఆటల బాధ్యత చూస్తున్నప్పుడు ఆయనకొక సంగతి పదేపదే ఎదురైంది. తన పిల్లలు ఎంత వేగంగా పరిగెత్తినా, ఎంత దూరం దూకినా దేశం తరఫున ఆడే జట్టులోకి వెళ్లలేరు. ఆ జట్టు తెల్లవాళ్లది. ఆయన ఊరికే చెందిన వెయిట్‌లిఫ్టర్ రాన్ ఈలండ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తాడు, కాకపోతే బ్రిటన్ జెండా కింద. సొంత దేశం తీసుకోలేదు కాబట్టి.

ఇక్కడే బ్రూటస్ బుర్ర పదునుగా పనిచేసింది. దక్షిణాఫ్రికా సంగతిని మన దేశం 1946 నుంచే ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తుతూ ఉంది, ప్రిటోరియా, అంటే అక్కడి ప్రభుత్వం, "మా ఇంటి గొడవ మాది" అని దులిపేసుకుంటూ ఉంది. ఒలింపిక్స్ దగ్గర ఆ మాట చెల్లదు. ఒలింపిక్ నియమావళిలోనే జాతి, మతం, రాజకీయాల పేరుతో తేడా చూపకూడదని రాసి ఉంది. కొత్త నియమం పెట్టమని అడగక్కర్లేదు, ఉన్నదాన్ని పాటించమంటే చాలు. మచ్చుకు ఒకటి అప్పటికే జరిగింది కూడా. 1956లో అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య తెల్లవాళ్ల సంఘాన్ని పక్కన పెట్టి, అన్ని జాతుల వాళ్లనూ చేర్చుకునే దక్షిణాఫ్రికా సంఘానికి గుర్తింపు ఇచ్చింది. టేబుల్ టెన్నిస్‌లో అయిన పని మిగతా ఆటల్లో ఎందుకు కాకూడదు? 1950ల చివర్లో దక్షిణాఫ్రికా స్పోర్ట్స్ అసోసియేషన్, తర్వాత కొన్నేళ్లకు దక్షిణాఫ్రికా నాన్ రేషియల్ ఒలింపిక్ కమిటీ పుట్టింది ఈ ఆలోచనతోనే. రెండో సంఘాన్ని పొట్టిగా శాన్‌రాక్ అంటారు.

ఆ పేరులోని "నాన్ రేషియల్" అన్న మాట దగ్గర ఆగాలి. దీనికీ "మల్టీ రేషియల్" అన్నదానికీ తేడా తెలియకపోతే తర్వాతి ఇరవై ఏళ్ల గొడవ అర్థం కాదు. ఒక ఊళ్లో వంద మంది ఫుట్‌బాల్ ఆడతారనుకుందాం. తెల్లవాళ్ల క్లబ్బు ఒకటి, నల్లవాళ్లది ఒకటి, కలర్డ్‌లది ఒకటి, ఇండియన్లది ఒకటి ఉండి, వాటి మధ్య టోర్నీ పెడితే అది మల్టీ రేషియల్. గ్రౌండ్ మీద నాలుగు రంగులూ కనిపిస్తాయి, ఫొటో బాగా వస్తుంది. ఆ నాలుగు క్లబ్బులే లేకుండా, ఎవరైనా ఏ క్లబ్బులోనైనా చేరి ఆడగలిగితే అది నాన్ రేషియల్. 1970ల్లో ప్రభుత్వం ఒత్తిడి తట్టుకోలేక మొదటిదాన్ని ఇవ్వడానికి దిగివచ్చింది. జాతులను వేరువేరు "దేశాలు"గా లెక్కగట్టి, వాటి మధ్య పోటీలు పెడతామంది. బయటివాళ్లలో చాలామందికి అది మార్పులాగే కనిపించింది. శాన్‌రాక్ వాళ్లు ఒప్పుకోలేదు. గోడకు కిటికీ పెట్టినంత మాత్రాన గోడ పోయినట్టు కాదన్నది వాళ్ల వాదన.

గోల్ఫ్ ఆటగాడు పాప్వా సెవ్‌గోలమ్ కథ ఈ తేడాను వ్యాసాలకంటే బాగా చెబుతుంది. డర్బన్ ప్రాంతపు భారతీయ సంతతివాడు, కేడీగా బ్యాగులు మోసి ఆట నేర్చుకున్నవాడు. 1959లో, 1960లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో ప్రత్యేక అనుమతితో నాటాల్ ఓపెన్‌లో ఆడి, తెల్ల ఆటగాళ్లందరినీ ఓడించాడు. ఆడనిచ్చారు గానీ క్లబ్‌హౌస్‌లోకి అడుగు పెట్టనివ్వలేదు. బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కొన్నేళ్లకు ఆ అనుమతులూ ఆగిపోయాయి.

మనిషిని నిషేధించడం అంటే

పుస్తకాన్ని నిషేధించడం మనకు తెలుసు, పార్టీని నిషేధించడం తెలుసు. మనిషిని నిషేధించడం ఏమిటి? దక్షిణాఫ్రికాలో 1950 నాటి కమ్యూనిజం అణచివేత చట్టం కింద అదొక మామూలు ప్రభుత్వ పని. చట్టం పేరులో కమ్యూనిజం ఉన్నా, ప్రభుత్వాన్ని గట్టిగా ఎదిరించే ఎవరికైనా సరిపడేలా దాని నిర్వచనాన్ని సాగదీశారు. కేసు లేదు, విచారణ లేదు, కోర్టు లేదు. మంత్రి సంతకం ఉన్న ఒక కాగితం ఇంటికొస్తుంది, మామూలుగా అయిదేళ్ల గడువుతో.

ఒక టీచరుకు ఆ కాగితం వచ్చిందనుకోండి. రేపటి నుంచి స్కూలు గేటు దాటకూడదు, ఉద్యోగం పోయింది. పొరుగు జిల్లాలో తల్లికి జబ్బు చేస్తే వెళ్లి చూడటానికి మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. వారానికోసారి పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలి. ఇంటికొచ్చిన స్నేహితుడితో మాట్లాడొచ్చు, రెండో స్నేహితుడు తలుపు తట్టాడా, అది "సమావేశం". కూతురి పుట్టినరోజుకు నలుగురు చుట్టాలు కూడినా ఆ తండ్రి పక్కగదిలో కూర్చోవాలి. నిషేధంలో ఉన్న ఇంకో మనిషితో మాట్లాడకూడదు. భార్యాభర్తలిద్దరూ నిషేధంలో ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కూడా ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. 1962లో చట్టాన్ని ఇంకా బిగించాక, నిషేధితుడి మాటను ఎవరూ అచ్చు వేయకూడదు.

మన పల్లెల్లో వెలి అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పలకరించినవాడికి జరిమానా. తేడా ఏమిటంటే ఇక్కడ వెలివేసింది ఊరి పెద్దలు కాదు, గెజిట్ ఉన్న ప్రభుత్వం.

బ్రూటస్‌కు ఈ నిషేధం 1961లో మొదలై క్రమంగా బిగుసుకుంది. టీచరు ఉద్యోగం పోయింది. జొహానెస్‌బర్గ్ వెళ్లి విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీలో లా చదవడం మొదలుపెట్టాడు. 1963లో ఒలింపిక్ వ్యవహారం మీద ఒక విదేశీ విలేకరిని కలవడానికి వెళ్లినప్పుడు, అది నిషేధాన్ని మీరడమేనని అరెస్టు చేశారు. బెయిలు మీద బయటికొచ్చి పొరుగు దేశం స్వాజీలాండ్‌కు తప్పించుకున్నాడు. అక్కడి నుంచి ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగే జర్మనీలోని బాడెన్ బాడెన్‌కు చేరాలని ప్రయత్నం. చేతిలో రొడీషియా పాస్‌పోర్టుంది, బ్రిటిష్ రక్షణ ఉంటుందని నమ్మకం. అప్పట్లో పోర్చుగల్ వలసగా ఉన్న మొజాంబిక్‌లో పోర్చుగీసు రహస్య పోలీసులు పట్టుకుని తిరిగి దక్షిణాఫ్రికాకే అప్పగించారు.

తనను వెనక్కి తెచ్చిన సంగతి బయట ఎవరికీ తెలియదు. అలా మాయమైపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. సెప్టెంబర్‌లో జొహానెస్‌బర్గ్ నడివీధిలో పోలీసుల పట్టు విడిపించుకుని పరుగెత్తాడు. వెనక నుంచి కాల్చారు, తూటా ఒంట్లోంచి దూసుకుపోయింది. పేవ్‌మెంట్ మీద రక్తం మడుగులో పడి ఉండగా వచ్చిన మొదటి అంబులెన్స్ తెల్లవాళ్ల కోసం ఉన్నది. ఎక్కించుకోలేదు. కలర్డ్‌ల అంబులెన్స్ వచ్చేదాకా అలాగే ఉండాల్సి వచ్చింది. చట్టం ఎంత లోతుకు దిగిందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ వెతకక్కర్లేదు.

శిక్ష 18 నెలల కఠిన కారాగారం. గాయం మానాక రాబెన్ దీవి జైల్లో రాళ్లు కొట్టే పని. అదే కాలంలో నెల్సన్ మండేలా కూడా ఆ జైలుకే వచ్చాడు. జాతి వివక్షను ఖండించడానికి ఒప్పుకోనందుకు దక్షిణాఫ్రికాను 1964 టోక్యో ఒలింపిక్స్‌కు రానివ్వడం లేదన్న వార్త వచ్చేసరికి, దానికోసం పాటుపడిన మనిషి జైల్లో ఉన్నాడు.

ఉత్తరాలుగా వేషం మార్చుకున్న కవితలు

బ్రూటస్ మొదటి కవితా సంపుటి 1963లో నైజీరియాలోని ఇబాదన్‌లో అచ్చయింది. సొంత దేశంలో అచ్చు వేయడం నేరం. ఆ తొలి కవితల్లో 17వ శతాబ్దపు ఇంగ్లీషు కవి జాన్ డన్ ప్రభావం బాగా కనిపిస్తుంది: మెలికలు తిరిగిన వాక్యం, ప్రేమికురాలిని, దేశాన్ని ఒకే పోలికలో కలిపేయడం. తనను తాను ఊరూరా తిరిగే మధ్యయుగపు గాయకుడిగా ఊహించుకున్న కవిత ఒకటి బాగా పేరుపొందింది. ఆ కవితలో దేశమే ప్రియురాలు. నిషేధం ఆయన్ని ఒక జిల్లాకు కట్టేసిన రోజులవి, అందుకే ఆ తిరుగుడుకు అంత బరువు.

జైలు నుంచి 1965లో వచ్చాక ఇంటి నిర్బంధం. కవిత్వం రాయకూడదు, అచ్చు కోసం ఏదీ రాయకూడదు. ఉత్తరం రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు. ఆయన తమ్ముడు విల్‌ఫ్రెడ్ అప్పుడు రాబెన్ దీవిలోనే ఖైదీ. ఆ తమ్ముడి భార్య మార్తాకు ఉత్తరాలు రాసినట్టుగా కవితలు రాశాడు. లోపల మీ ఆయన ఎలా ఉంటాడో చెబుతాను విను, అన్నట్టు. ఇవే 1968లో లండన్‌లో పుస్తకమయ్యాయి.

ఇది పోలీసులను ఏమార్చే ఎత్తు అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. అంతకంటే ముఖ్యమైనది కవిత్వానికి జరిగింది. మరదలికి రాసే ఉత్తరంలో అలంకారాలు పొసగవు. భర్త జైల్లో ఉన్న ఆడమనిషికి చమత్కారాలు చెబుతామా? వాక్యం దానంతటదే చదును అయిపోయింది. మొదటి రోజుల భయం, తోటి ఖైదీల మీద జరిగే లైంగిక హింస, జైల్లో మబ్బులకూ పిట్టలకూ వచ్చే ప్రాముఖ్యం, ఇవన్నీ గొంతు పెంచకుండా చెప్పాడు. పాత శైలి ఆడంబరంగా ఉందని తనకే అనిపించిందనీ, జైల్లో ఉన్నప్పుడే దాన్ని వదిలేయాలనుకున్నాననీ తర్వాత ఆయన చెప్పాడు.

దీన్ని చదివేవాళ్లు రెండు రకాలుగా విడిపోయారు. కొందరికి ఈ చదును శైలి లోటు. మంచి కవిని ఉద్యమం సాక్షిగా మార్చేసిందని, తొలి కవితల సంగీతం పోయిందని వాళ్లంటారు. ఇంకొందరికి అదే ఆయన అసలు గొంతు. విప్లవ కవిత్వం మీద మనదగ్గర ఏళ్ల తరబడి సాగిన వాదం గుర్తొస్తుంది కదా. నామట్టుకు నాకు ఈ ఉత్తరాల కవితలే బలమైనవి, కాకపోతే ఉద్యమం కోసం రాసినవి కాబట్టి కాదు. ఎవరికి చెబుతున్నాడో ప్రతి పంక్తిలో తెలుస్తుంది కాబట్టి.

1966లో ప్రభుత్వం ఆయనకు దేశం వదిలి వెళ్లే అనుమతి ఇచ్చింది. అనుమతి అన్నది మర్యాద మాట, మళ్లీ తిరిగి రాకూడదన్నది షరతు. లండన్ చేరాడు. 1970లో జాన్ బ్రూయిన్ అనే పేరుతో అమెరికాలో ఒక కవితల పుస్తకం వచ్చి, దక్షిణాఫ్రికాలో కూడా అమ్ముడైంది. ఆ జాన్ బ్రూయిన్ ఎవరో అధికారులకు తర్వాతగానీ తెలియలేదు. ఆఫ్రికాన్స్‌లో బ్రూయిన్ అంటే గోధుమ రంగు.

ఒక ఈల, ఒక మాటకు అర్థం

1971 జూన్, వింబుల్డన్. రెండో నంబర్ కోర్టులో దక్షిణాఫ్రికా ఆటగాడు క్లిఫ్ డ్రైస్‌డేల్ ఆడుతున్నాడు. బ్రూటస్ కోర్టులోకి నడిచి వెళ్లి, ఈల ఊది, కరపత్రాలు వెదజల్లి, గడ్డి మీద కూర్చున్నాడు. ఈల విని తోటివాళ్లు బ్యానర్లతో వచ్చారు. ఆట ఆగింది. శాంతిభంగం కలిగేలా "అవమానకరంగా" ప్రవర్తించాడని 1936 నాటి చట్టం కింద కేసు పెట్టారు.

కేసు అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి 1972లో తేలింది. వివాదమంతా ఒక్క మాట మీద. టికెట్ కొని ఆట చూస్తున్నవాళ్లకు ఒళ్లు మండింది, నిజమే. ఒళ్లు మండించడం, అవమానించడం ఒకటేనా? కాదన్నారు న్యాయమూర్తులు. మామూలు భాషలోని మామూలు మాటకు అర్థం చట్టం కొత్తగా సృష్టించదు, జనం వాడే అర్థమే దాని అర్థం అన్నారు. బ్రూటస్ గెలిచాడు. చట్టంలోని మాటలను ఎలా చదవాలన్న చర్చలో న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఈ తీర్పు చదువుతారు. ఇంగ్లీషు మాస్టారి కేసులో ఇంగ్లీషు మాట అర్థం తేలడం నాకెప్పుడూ కాస్త నవ్వు తెప్పిస్తుంది.

వెలి పనిచేసిందా?

టోక్యో తర్వాత 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను మళ్లీ పిలవాలని ఒలింపిక్ కమిటీ ముందు నిర్ణయించింది. ఆఫ్రికా దేశాలు కలిసికట్టుగా మేం రామనేసరికి వెనక్కి తగ్గింది. అదే ఏడు ఇంగ్లండ్ క్రికెట్ జట్టులో బాసిల్ డాలివెరా ఉన్నాడని ప్రిటోరియా ఆ పర్యటననే వద్దంది. డాలివెరా కేప్‌టౌన్‌లో పుట్టిన కలర్డ్, ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లాల్సి వచ్చినవాడు. 1970లో ఇంగ్లండ్‌లో జరగాల్సిన దక్షిణాఫ్రికా క్రికెట్ పర్యటన నిరసనల వల్ల రద్దయింది. అదే ఏడు ఒలింపిక్ కమిటీ ఆ దేశాన్ని పూర్తిగా బయటికి పంపింది. మళ్లీ ఒలింపిక్స్‌లో అడుగు పెట్టింది 1992 బార్సిలోనాలో.

దీన్ని వ్యతిరేకించినవాళ్లంతా జాతివివక్షకు వత్తాసు పలికినవాళ్లే అనుకుంటే పొరపాటు. రాకపోకలుంటేనే మనుషులు మారతారు, తలుపులు మూసేస్తే మొండితనం పెరుగుతుందని నిజాయితీగా నమ్మినవాళ్లున్నారు. పార్లమెంటులో ఏళ్ల తరబడి ఒంటరిగా అపార్థైడ్‌ను ఎదిరించిన హెలెన్ సుజ్మన్ కూడా ఆర్థిక ఆంక్షలకు ఒప్పుకోలేదు, పేద నల్లవాళ్ల ఉద్యోగాలే ముందు పోతాయన్నది ఆమె భయం. బహిష్కరణ వల్ల నల్ల ఆటగాళ్లూ నష్టపోయారు. దేశం లోపల నాన్ రేషియల్ సంఘాల్లో ఆడినవాళ్ల పేర్లు చాలాకాలం రికార్డు పుస్తకాల్లోకి ఎక్కలేదు.

ఇంకో పక్క లెక్క ఇది. బ్రూటస్ పక్షంవాళ్లు చెప్పింది, రాకపోకలు దశాబ్దాల పాటు ఉన్నాయి, ఏం మారింది? తెల్లవాళ్లకు రగ్బీ, క్రికెట్ ప్రాణం. బంగారం గనుల ఆంక్ష కంటే శనివారం మ్యాచ్ లేకపోవడం వాళ్ల ఇంట్లోకి నేరుగా వస్తుంది. "అసహజ సమాజంలో సహజమైన ఆట ఉండదు" అన్నది వాళ్ల నినాదం. ఆ బహిష్కరణను ఛేదించడానికి ప్రభుత్వం, తెల్ల క్రికెట్ పెద్దలు ఎంత డబ్బు గుమ్మరించారో 1980ల తిరుగుబాటు పర్యటనలు, అంటే బహిష్కరణను ధిక్కరించి విదేశీ క్రికెటర్లు వెళ్లి ఆడిన పర్యటనలు చూపిస్తాయి. డబ్బు తీసుకుని వెళ్లిన వెస్టిండీస్ నల్ల క్రికెటర్లకు అక్కడ ఉన్నన్నాళ్లూ "గౌరవ శ్వేతజాతీయులు" అన్న హోదా. ఇంటికొచ్చాక జీవితకాల నిషేధం.

మన దేశం కూడా ధర చెల్లించింది. 1974లో టెన్నిస్ జట్ల పోటీ అయిన డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది ఇండియా, దక్షిణాఫ్రికా. అమృత్‌రాజ్ సోదరులు మంచి ఫామ్‌లో ఉన్నారు. ఇండియా ఆడనంది, ఆడకుండానే కప్పు దక్షిణాఫ్రికాకు వెళ్లింది. అంతకుముందు 1966లో, ఆ తర్వాత 1987లో ఫైనల్ ఓడిపోయాం. డేవిస్ కప్ మనకు ఇప్పటికీ రాలేదు. బహిష్కరణ ఉచితంగా దొరికే నీతి కాదని గుర్తుచేయడానికి ఈ ఒక్క సంగతి చాలు.

అపార్థైడ్‌ను కూల్చింది ఆటల వెలేనా అంటే, కాదు. 1976 సొవెటో విద్యార్థుల తిరుగుబాటు, కార్మిక సంఘాలు, 1980ల మధ్యలో పేటలన్నీ అంటుకోవడం, బ్యాంకుల అప్పులు ఆగిపోవడం, ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం, ఇన్ని కలిసొచ్చాయి. వీటిలో ఆట ఎంత శాతం అని తూకం వేసి చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు. ఆట చేసిన పని వేరు. తామూ మామూలు దేశమే అనుకునే వీలును అది వాళ్లకు లేకుండా చేసింది.

రెండుసార్లు వద్దన్న బహుమతి

లండన్ తర్వాత బ్రూటస్ అమెరికాలో ఉన్నాడు, అక్కడి ప్రభుత్వం 1980ల మొదట్లో ఆయన్ని పంపించేయాలని చూసింది. కోర్టులో కొట్లాడి 1983లో రాజకీయ శరణార్థిగా ఉండే హక్కు గెలుచుకున్నాడు. నార్త్‌వెస్టర్న్, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పాడు. దక్షిణాఫ్రికాలో ఆయన మీద నిషేధం 1990లో పోయింది. చివరి ఏళ్లలో డర్బన్‌లో గడుపుతూ, అపార్థైడ్‌తో లాభపడిన కంపెనీలు పరిహారం కట్టాలని, ప్రపంచ బ్యాంకు విధానాలు మారాలని ఊరేగింపుల్లో నడుస్తూనే ఉన్నాడు. మండేలా తర్వాత అంతా సర్దుకుంది అనుకున్నవాళ్లకు ఆయన కొరకరాని కొయ్య.

2007లో దక్షిణాఫ్రికా క్రీడా ప్రముఖుల జాబితాలో ఆయన పేరు చేర్చి సత్కరించబోయారు. వేదిక మీదే వద్దన్నాడు. జాతివివక్ష ఆటను మోసినవాళ్లనూ, దానికి నిజంగా బలైనవాళ్లనూ పక్కపక్కన కూర్చోబెట్టడం కుదరదన్నాడు. కొందరికి ఇది మొండితనంగా తోచింది. దేశం రాజీకి సిద్ధమైనప్పుడు ఒక ముసలాయన పాత లెక్కలు తీస్తున్నాడని. ఇంకొందరు, లెక్క తేలకుండా రాజీ ఏమిటని ఆయన్ను సమర్థించారు.

ఆయన బహుమతి వద్దనడం అది మొదటిసారి కాదు. 1960ల మొదట్లో, ఉద్యోగం పోయి ఎనిమిది మంది పిల్లలతో ఉన్న రోజుల్లో, నైజీరియాలోని ఎంబారి సంస్థ ఆయన కవిత్వానికి బహుమతి ప్రకటించింది. అది నల్లజాతి రచయితలకు మాత్రమే ఉద్దేశించిన బహుమతి. తెల్లవాళ్లను పోటీకి రానివ్వని బహుమతి తీసుకోనని తిరిగి పంపేశాడు. మొదటిసారి తెల్లవాళ్లకు చోటు లేదని వద్దన్న మనిషి, రెండోసారి కొందరు తెల్లవాళ్లకు చోటిచ్చారని వద్దన్నాడు. పైకి ఎదురుబొదురుగా కనిపించే ఈ రెండింటినీ పక్కన పెట్టుకుని చూస్తే, మొదటిసారి మనుషులను లెక్కించింది రంగును బట్టి, రెండోసారి చేసిన పనిని బట్టి. ఆయన కేప్‌టౌన్‌లో 2009 డిసెంబర్ 26న చనిపోయాడు, 85 ఏళ్లకు.